ఎక్కుడులో ఏసీ ఎందుకు మొహం చాటేస్తుంది?

పాత అమెరికన్ పికప్ ట్రక్కును ముచ్చటపడి నడుపుకునేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. చదును రోడ్డు మీద ఏసీ గాలి మొహానికి హాయిగా తగులుతుంది. ఎక్కుడు మొదలై యాక్సిలరేటర్ గట్టిగా తొక్కగానే ఆ గాలి మొహాన్ని వదిలేసి ముందు అద్దం మీదికి పోతుంది. గుట్ట దిగేటప్పుడు కాలు తీస్తే మళ్లీ దారికొస్తుంది. గ్యాసు తగ్గిందా, కంప్రెసర్ పోయిందా, వైరింగులో లూజు కాంటాక్టా?

కర్నూలు, కడప వైపు చిన్న లారీలు తోలేవాళ్లు ఇంకో ప్రశ్న అడుగుతారు. బండి నడుస్తున్నంత సేపూ మెత్తగా దిగే బ్రేకు, ఇంజిన్ ఆపి రెండు మూడు సార్లు తొక్కేసరికి ఎందుకు బిగుసుకుపోతుంది?

ఒకటి ఏసీ సంగతి, ఇంకొకటి బ్రేకు సంగతి. రెండింటికీ జవాబు ఒక్కటే. ఆ జవాబు బండిలో కంటే ముందు మన బావుల్లో దొరుకుతుంది.

బావిలోకి దిగిన ఇంజిన్

బోర్లు రాకముందు రాయలసీమ రైతు బావి మీద ఆయిల్ ఇంజిన్ పెట్టి నీళ్లు తోడేవాడు. నీటిమట్టం తగ్గేకొద్దీ ఒక చిక్కొచ్చింది. ఇంజిన్ ఎంత పెద్దదైనా, పైపు ఎంత మంచిదైనా, నీళ్లు పంపుకు మరీ లోతున ఉంటే ఎక్కి రావు. అందుకని బావి గోడలో అరుగులాగా తొలిచి, ఇంజిన్‌నీ పంపునూ కిందికి దించి, నీటికి దగ్గరగా కూర్చోబెట్టేవారు. పాత బావుల్లో ఆ అరుగులు ఇప్పటికీ కనిపిస్తాయి.

ఎందుకు దించాల్సి వచ్చింది? పంపు నీటిని లాగదు కాబట్టి. పంపు చేసేదల్లా పైపులో ఉన్న గాలిని తీసేయడం. బావిలో నీటి మీద బయటి గాలి ఎప్పుడూ బరువు మోపుతూనే ఉంటుంది. ప్రతి చదరపు సెంటీమీటరు మీదా ఇంచుమించు ఒక కిలో. పైపులో ఎదురు నొక్కే గాలి లేకపోయేసరికి, బయటి గాలే నీటిని పైపులోకి నెట్టేస్తుంది. ఆ నెట్టుడుకు ఒక హద్దుంది. గాలి బరువు నీటిని మహా అయితే పది మీటర్ల చిల్లర ఎత్తుకు నిలబెట్టగలదు. అదీ లెక్క ప్రకారం. వాడుకలో ఆరేడు మీటర్లు దాటితే పంపు ఆయాసపడుతుంది. ఇప్పటి సబ్‌మెర్సిబుల్ మోటారు నీటి అడుగున కూర్చుని కింది నుంచి నెడుతుంది కాబట్టి దానికి ఈ హద్దు వర్తించదు.

ఇటలీ శాస్త్రవేత్త టోరిచెల్లి 1643లో నీటి బదులు బరువైన పాదరసంతో ఇదే పరీక్ష చేశాడు. పాదరసం 76 సెంటీమీటర్ల దగ్గర, అంటే దాదాపు 30 అంగుళాల దగ్గర ఆగింది. మెకానిక్ చేతిలోని వాక్యూమ్ (శూన్యం) మీటరు మీద అంకెలు ఈనాటికీ అంగుళాల్లో ఉండటానికి కారణం అదే. 20 అంగుళాలు చూపిస్తోందంటే, గొట్టంలోని గాలిలో మూడింట రెండు వంతులు పోయిందని అర్థం. 30 చూపిస్తే పూర్తిగా ఖాళీ. ఏ బండి ఇంజినూ అంత చూపించదు.

కాబట్టి శూన్యానికి సొంత బలమంటూ లేదు. పని చేసేది బయటి గాలి. దానికి ఒకవైపు అడ్డు తొలగించడమే మనం చేసేది. ఈ ముక్క మనసులో నిలిస్తే, తర్వాత వచ్చే రిపేరు సంగతులన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

రెండు ఇంజిన్ల ఊపిరి

పెట్రోలు ఇంజిన్‌కు గాలి లోపలికి పోయే దారిలో ఒక గుండ్రటి రేకు ఉంటుంది. దాన్ని థ్రాటిల్ అంటారు. మనం యాక్సిలరేటర్ తొక్కితే అది తెరుచుకుంటుంది, కాలు తీస్తే మూసుకుంటుంది. బండి ఐడ్లింగులో ఉన్నప్పుడు రేకు దాదాపు మూసే ఉంటుంది. కింద పిస్టన్లు మాత్రం గాలి కోసం పీలుస్తూనే ఉంటాయి. రాని గాలి కోసం అంత పీల్పు జరిగేసరికి రేకుకూ పిస్టన్లకూ మధ్యనున్న గొట్టంలో గాలి బాగా పలచబడుతుంది. మంచి ఇంజిన్ అయితే 18 నుంచి 20 అంగుళాలు. ఎవరూ అడగకుండా, అదనపు ఖర్చు లేకుండా ఇంజిన్ తయారు చేసే శూన్యమిది. దీన్ని వృథాగా పోనివ్వడమెందుకని పాతకాలపు ఇంజినీర్లు దానికి రకరకాల పనులు అప్పజెప్పారు.

అయితే ఎక్కుడు వస్తుంది. కాలు పూర్తిగా తొక్కుతాం. రేకు బార్లా తెరుచుకుంటుంది. గాలి ధారాళంగా లోపలికొచ్చి పడుతుంది. మీటరు ముల్లు సున్నా దగ్గరికి జారిపోతుంది. శూన్యం మీద బతికే పనులన్నీ ఆ క్షణంలో నీరసిస్తాయి.

మన దేశంలో మహీంద్రా వాళ్లు 1940ల చివర్లో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టిన రోజుల్లో, ఆ జీపుల వైపర్లు శూన్యంతోనే ఆడేవి. వానలో ఘాటు రోడ్డు ఎక్కుతుంటే వైపర్ నెమ్మదించి, నెమ్మదించి, ఆగిపోయేది. దిగుడులో కాలు తీస్తే ఒక్కసారిగా వేగం పుంజుకునేది. సినిమాల్లో సీమ జీపులు ఎంత పౌరుషంగా దుమ్ము లేపినా, అసలు పాత జీపుకు అద్దం తుడుచుకోవాలంటే యాక్సిలరేటర్ మీద కాలు తీయాల్సిందే.

డీజిల్ ఇంజిన్ తీరు వేరు. పాత డీజిల్ ఇంజిన్లలో చాలావాటికి గాలి దారిలో అడ్డురేకు ఉండదు. ఎప్పుడూ గుండెల నిండా పీలుస్తాయి. జోరు పెంచాలంటే డీజిలు ఎక్కువ పోస్తాం, తగ్గించాలంటే తక్కువ పోస్తాం. అంటే వాటిలో ఊరికే దొరికే శూన్యం లేదు. అందుకే డీజిల్ జీపులకూ, సుమో, బొలెరో లాంటి బండ్లకూ, 407 తరహా తేలిక లారీలకూ శూన్యం కోసం విడిగా ఒక చిన్న పంపు పెట్టారు. చాలా బండ్లలో అది ఆల్టర్నేటర్ వీపున అతుక్కుని ఉంటుంది, ఇంజిన్ ఆయిలే దానికీ తడి. షెడ్లలో కొందరు దాన్ని ఎగ్జాస్టర్ అంటారు. దీనివల్ల ఒక లాభముంది: ఎక్కుడైనా దిగుడైనా ఇంజిన్ తిరుగుతున్నంత సేపూ శూన్యం తగ్గదు. ఒక ప్రమాదమూ ఉంది. దాని గురించి చివర్లో.

పది చక్రాల లారీలకు శూన్యం చాలదు. శూన్యం ఎంత చేసినా బయటి గాలి ఇచ్చేది చదరపు సెంటీమీటరుకు ఒక కిలో లోపే. అదే గాలిని కుదించి ట్యాంకులో నింపితే ఏడెనిమిది కిలోల దాకా నొక్కించవచ్చు. బేతంచెర్ల బండలనో, మంగంపేట ముగ్గురాయినో ఎత్తుకుని పోయే పెద్ద లారీ ఆగినప్పుడు బుస్సుమని వదిలేది ఆ కుదించిన గాలినే.

డాష్‌బోర్డు వెనక ఏముంది

ఇప్పుడు అసలు ట్రక్కు దగ్గరికి వద్దాం. 1975లో వచ్చిన ఫోర్డ్ ఎఫ్-150, దాని వెనకాముందూ వచ్చిన అమెరికన్ పికప్‌లు అనేకం ఈ పద్ధతిలో నడిచాయి. మన రోడ్ల మీద తిరిగిన డాడ్జ్, ఫార్గో లారీలను బొంబాయిలో ప్రీమియర్ కంపెనీ బిగించేది. వాటిలో ఏసీ మాట దేవుడెరుగు, అద్దం దించుకుంటే వచ్చేదే చల్లగాలి. ఏసీ ఉన్న అమెరికన్ ట్రక్కులో మాత్రం డాష్‌బోర్డు వెనక ఒక పెద్ద ప్లాస్టిక్ పెట్టె ఉంటుంది. ఫ్యాను కొట్టిన గాలి అందులోకి వస్తుంది. లోపల మూడు నాలుగు గాలి తలుపులు ఉంటాయి. ఏ తలుపు తెరిస్తే గాలి అటు పోతుంది: మొహానికి, కాళ్లకు, లేదా ముందు అద్దానికి.

ఆ తలుపులను కదిపేవి అరచేతిలో పట్టేంత రేకు డబ్బాలు. మెకానిక్‌లు వాక్యూమ్ మోటార్ అంటారుగానీ అందులో తిరిగేది ఏమీ లేదు. డబ్బా మధ్యలో అడ్డంగా ఒక రబ్బరు పొర, పొర వెనక స్ప్రింగు, పొరకు బిగించిన ఒక కడ్డీ. అంతే. దీన్ని మనం పొర డబ్బా అనుకుందాం. ఒకవైపు గాలిని సన్న గొట్టం ద్వారా పీల్చేస్తే, రెండోవైపున్న బయటి గాలి పొరను నెడుతుంది, కడ్డీ కదులుతుంది, తలుపు తెరుచుకుంటుంది. గొట్టంలోకి గాలి వదిలితే స్ప్రింగు తలుపును మొదటి చోటికి తెస్తుంది.

ఇంత చిన్న డబ్బాకు బలమెక్కడిదని అనుమానం రావచ్చు. పొర అడ్డకొలత 5 సెంటీమీటర్లయితే దాని వైశాల్యం దాదాపు 20 చదరపు సెంటీమీటర్లు. 19 అంగుళాల శూన్యంలో ఒక్కో చదరపు సెంటీమీటరుకు 600 గ్రాముల పైమాటే. మొత్తం 12 కిలోల పైనే నెట్టుడు. ప్లాస్టిక్ తలుపుకు ఇది చాలా ఎక్కువ.

డాష్‌బోర్డు మీద మనం జరిపే మీట వెనక రంధ్రాలున్న ఒక గుండ్రటి బిళ్ల ఉంటుంది. మీట ఎక్కడుందో దాన్ని బట్టి ఏ డబ్బాకు శూన్యం అందాలో, ఏ డబ్బాకు గాలి వదలాలో ఆ బిళ్ల తేలుస్తుంది. ఒక్కో గొట్టానికి ఒక్కో రంగు. ఏ రంగు దేనికన్నది మోడల్‌ను బట్టి మారుతుంది కాబట్టి పీకేముందు ఫోన్‌తో ఫొటో తీసుకోవడం మంచిది.

మరి ఎక్కుడులో శూన్యం పడిపోతుంది కదా? అది తెలిసే ఇంజిన్ పక్కన ఒక నిల్వ డబ్బా పెట్టారు. కొన్ని ఫోర్డ్ బండ్లలో అది అచ్చంగా కాఫీపొడి డబ్బాలాగే కనిపిస్తుంది. ఇంజిన్‌కూ ఈ డబ్బాకూ మధ్య ఒక చెక్ వాల్వ్ ఉంటుంది. అది గాలిని ఇంజిన్ వైపు పోనిస్తుంది, తిరిగి రానివ్వదు. ఎక్కుడులో ఇంజిన్ శూన్యం చేయలేకపోయినా, డబ్బాలో దాచిన శూన్యంతో తలుపులు ఉన్నచోట నిలబడాలి.

శూన్యం మొత్తం పోతే స్ప్రింగులు తలుపులను అద్దం వైపే ఎందుకు తిప్పుతాయి, మొహం వైపే ఎందుకు తిప్పవు? ఇది పొరపాటున జరిగేది కాదు, కావాలని చేసిందే. చలిదేశంలో అద్దానికి మంచు పట్టి దారి కనబడకపోతే ప్రాణం మీదికి వస్తుంది, మొహానికి గాలి తగలకపోతే చెమట పడుతుంది. అందుకే చెడినా ప్రాణం నిలిపే వైపే చెడేలా కట్టారు. ఇందులో ఇంజినీరును మెచ్చుకోవాలి, కర్నూలు మే నెల ఎండలో కూర్చుని తిట్టుకున్నా సరే.

తప్పు ఎక్కడుందో పట్టుకోవడం

ఏసీ సరిగా లేదంటే మన షెడ్లలో మొదట వినిపించే మాట గ్యాసు. గ్యాసు డీజిలు కాదు, వాడగా వాడగా అయిపోవడానికి. మూసిన గొట్టాల్లో అదే తిరుగుతుంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. అంతకంటే ముఖ్యమైన సంగతి: గ్యాసు తగ్గితే వచ్చే గాలి వెచ్చబడుతుంది, దాని దారి మారదు. దారి మారిందంటే తప్పు గాలి తలుపుల దగ్గరుంది. చల్లదనం పోయిందా, దిశ పోయిందా అన్నది ముందు తేల్చుకుంటే సగం ఖర్చు తప్పుతుంది.

దిశే పోయిందనుకుందాం. ఎప్పుడు పోతోంది? ఇంజిన్ స్టార్ట్ చేసినప్పటి నుంచీ గాలి అద్దానికే పోతుంటే శూన్యం మీట దాకా రావడమే లేదు. ఇంజిన్ నుంచి వచ్చే మొదటి గొట్టం ఊడి ఉండొచ్చు, విరిగి ఉండొచ్చు. ఎక్కుడులో మాత్రమే పోతుంటే గొట్టాలు బాగానే ఉన్నాయి, నిల్వ నిలవడం లేదు. అనుమానం చెక్ వాల్వ్ మీదా, తుప్పు పట్టి సూదిబెజ్జం పడిన నిల్వ డబ్బా మీదా పెట్టుకోవాలి. మొహానికీ అద్దానికీ వస్తోంది, కాళ్లకు మాత్రం రావడం లేదంటే ఆ ఒక్క పొర డబ్బానో, దాని గొట్టమో.

నిల్వను పరీక్షించడానికి ఏ పనిముట్టూ అక్కర్లేదు. ఇంజిన్ నడుస్తుండగా గాలిని మొహానికి పెట్టుకుని, ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, ఫ్యాను తిరగనివ్వండి. అంతా బాగున్న బండిలో గాలి కొన్ని నిమిషాలైనా అక్కడే నిలుస్తుంది. ఆపిన వెంటనే అద్దానికి తిరిగిందంటే శూన్యం కారిపోతోంది. చెక్ వాల్వ్‌ను విప్పి నోటితో రెండు వైపుల నుంచీ ఊదితే సంగతి తెలుస్తుంది. ఒకవైపు పోవాలి, ఇంకోవైపు పోకూడదు. ఊదేముందు గుడ్డతో తుడవాలి, పెట్రోలు వాసన పట్టి ఉంటుంది. పీల్చడం మాత్రం వద్దు.

కారేచోటు వెదకడంలో చాలామంది పంక్చర్ షాపు పద్ధతి మొదలుపెడతారు. ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచితే బుడగలు వస్తాయి కదా, ఇక్కడా సబ్బునీళ్లు పూస్తే సరిపోదా? సరిపోదు. ట్యూబులో గాలి లోపలి నుంచి బయటికి వస్తుంది. ఇక్కడ బయటి గాలి లోపలికి పోతుంది. బుడగ రాదు సరికదా, సబ్బునీళ్లు గొట్టంలోకి పోతాయి. కాబట్టి ఇక్కడ చెవి పని చేయాలి. ఇంజిన్‌ను ఐడ్లింగులో పెట్టి, ఫ్యాను ఆపి, డాష్‌బోర్డు కింద తల పెడితే సన్నగా స్‌స్‌మనే చప్పుడు వినిపిస్తుంది. మూరెడు రబ్బరు పైపు ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొసను గొట్టాల వెంట జరుపుకుంటూ పోతే చప్పుడు ఎక్కడ పెరిగితే అక్కడే రంధ్రం. ఒక్కో గొట్టాన్నీ వేళ్లతో మడిచి నొక్కి చూడటం ఇంకో దారి. పెట్రోలు ఇంజిన్ అయితే కారే గొట్టాన్ని నొక్కగానే ఐడ్లింగు కుదురుకుంటుంది, ఎందుకంటే ఆ రంధ్రం గుండా లెక్కలో లేని గాలి ఇంజిన్‌లోకి పోయి మిశ్రమాన్ని పలచన చేస్తోంది. కొందరు వేడి ఇంజిన్ మీద పెట్రోలు చల్లి చూస్తారు. అది అంటుకునే పని, చేయకండి.

పొర డబ్బాలను ఒక్కొక్కటిగా చూడాలంటే చేత్తో నొక్కే చిన్న వాక్యూమ్ పంపు మీటరుతో సహా దొరుకుతుంది. దానితో 15 అంగుళాలు పట్టించి ఒక నిమిషం చూస్తే ముల్లు కదలకూడదు, కడ్డీ లోపలికి పోయి అక్కడే ఉండాలి. పంపు లేకపోతే మందుల షాపులో దొరికే 50 మిల్లీలీటర్ల సిరంజికి సన్న పైపు తగిలించి గుంజినా చాలు. పిస్టన్ వదిలితే అది తనంతట తాను వెనక్కి దూకాలి. అక్కడే నీరసంగా ఆగిపోతే పొర చిరిగింది. కంప్రెసర్ గాలితో మాత్రం పరీక్షించకండి. ఒక కిలో లోపు నెట్టుడుకు తయారైన పొర అది, టైర్లకు కొట్టే గాలికి చిరిగిపోతుంది.

ఇంకో తప్పు ఏసీ తప్పులా వేషం వేస్తుంది. ఇలాంటి ట్రక్కులు కొన్నింటిలో హీటర్‌కు వేడినీళ్లు పోయే దారిలోనూ శూన్యంతో మూసుకునే వాల్వ్ ఉంటుంది. శూన్యం అందకపోతే అది తెరిచే ఉండిపోయి, ఏసీ చల్లబరిచిన గాలిని హీటర్ మళ్లీ కాచి పంపుతుంది. ఇక్కడ గ్యాసు ఎంత కొట్టించినా డబ్బు దండగే. ఇంజిన్ గది గోడలోకి పోయే రెండు హీటర్ పైపుల మీద చెయ్యి పెట్టి చూడండి, ఏసీ పూర్తి చల్లదనంలో ఉండగా రెండూ కాలుతుంటే దొంగ దొరికినట్టే. కడపలో హీటర్ అవసరం ఏడాదిలో ఎన్ని రోజులు పడుతుంది? ఇక్కడి మెకానిక్ ఆ రెండు పైపులనూ ఒకదానికొకటి కలిపేసి హీటర్‌ను తప్పించేస్తాడు. పుస్తకం ఒప్పుకోదుగానీ నేను తప్పు పట్టను.

ఎండ, ఎత్తు, ఘాటు

ఈ గొట్టాలు ఎక్కువగా చచ్చేది పనిచేసి కాదు, కాగి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ముదరడం సుమారు రెట్టింపు వేగంతో జరుగుతుందని రసాయన శాస్త్రంలో ఒక మోటు లెక్క ఉంది. ఏప్రిల్, మే నెలల్లో నీడలోనే 43, 44 డిగ్రీలు కొట్టే ఊళ్లో, బానెట్ కింద ఇంజిన్ సెగ కూడా తోడైతే రబ్బరు మెత్తదనం పోయి కొసల దగ్గర చీలుతుంది. సన్నటి ప్లాస్టిక్ గొట్టాలైతే ముట్టుకుంటే పుటుక్కున విరుగుతాయి. గొట్టం కొసను అరంగుళం కోసేసి మళ్లీ తొడిగితే చాలాసార్లు పని నడుస్తుంది. నడిచిందని వదిలేయకుండా ఆ వయసు గొట్టాలన్నీ ఒకేసారి మార్చడం మేలు.

మీటరు చదివేటప్పుడు ఊరి ఎత్తు కూడా గుర్తుండాలి. పైకి పోయేకొద్దీ బయటి గాలి బరువే తగ్గుతుంది, వెయ్యి అడుగులకు ఒక అంగుళం చొప్పున. కడపకూ కర్నూలుకూ తేడా అర అంగుళమే. హార్సిలీ హిల్స్ మీద మాత్రం అదే ఇంజిన్ దాదాపు నాలుగు అంగుళాలు తక్కువ చూపిస్తుంది. అది జబ్బు కాదు.

కొత్త బండ్లలో గాలి తలుపులను చిన్న కరెంటు మోటార్లు తిప్పుతున్నాయి. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే మధ్యరకం, భారీ లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి అని కేంద్రం 2023 డిసెంబర్‌లో నోటిఫికేషన్ ఇచ్చింది. సీమ ఎండల్లో స్టీరింగ్ పట్టుకున్నవాళ్లకు ఇది ఎప్పుడో రావాల్సింది. ఆ ఏసీల్లో వాక్యూమ్ గొట్టాలను వెదకాల్సిన పని ఉండదు. కానీ శూన్యంతో నడిచే బ్రేకు బూస్టర్లు ఇంకా చాలా బండ్లలో ఉన్నాయి.

బూస్టర్ అంటే పెద్ద పొర డబ్బానే. 9 అంగుళాల బూస్టర్‌లో పొర మీద బయటి గాలి నెట్టుడు 260 కిలోలు దాటుతుంది. మన కాలి బలానికి తోడుగా నిలిచేది అదే. డీజిల్ బండిలో ఆ శూన్యం చేసే పంపు ఇంజిన్ తిరిగితేనే తిరుగుతుంది. డీజిలు మిగులుతుందని దిగుడులో ఇంజిన్ ఆపేసి న్యూట్రల్‌లో జారే అలవాటు కొందరికుంది. ఇంజిన్ ఆగిన తర్వాత బూస్టర్‌లో మిగిలే శూన్యం రెండు మూడు తొక్కుళ్లకే. ఆ తర్వాత కాలి కింద ఉండేది బిగుసుకుపోయిన పెడల్. లోడు బండిని ఒక్క కాలి బలంతో ఆపలేం. పైగా డీజిల్ ఇంజిన్‌లో గొట్టం కారుతున్నా ఐడ్లింగులో తేడా తెలియదు, పెట్రోలు ఇంజిన్ లాగా అది ముందే చెప్పదు.

రాయచోటి నుంచి కడప పోయేవాళ్లు గువ్వలచెరువు దగ్గర పాలకోవా కోసం ఎలాగూ ఆగుతారు. ఘాటులోకి దిగేముందు ఈ పరీక్ష చేయండి. ఇంజిన్ ఆపి, బ్రేకు నాలుగైదు సార్లు తొక్కి వదలండి, పెడల్ గట్టిపడుతుంది. కాలు దాని మీదే గట్టిగా అదిమి ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేయండి. కాలి కింద పెడల్ కాస్త మెత్తగా దిగితే బూస్టర్ బాగుంది. దిగకపోతే ఘాటు దిగకండి. ఏసీ గొట్టం రేపు మార్చుకోవచ్చు, బ్రేకు గొట్టం అక్కడే మార్పించండి.